మా ఇద్దరి ఆల్బమ్, మా ముత్తాత దర్వాజా

మా ముత్తాత నర్సింగరావు దేశ్‌ముఖ్ బయలుదేరితే కోటగిరి నుంచి బోధన్ దాకా ఎడ్లబండ్లు పక్కకు జరిగేవట. మా తాత విఠల్‌రావు దేశ్‌ముఖ్ దగ్గితే కచేరీలో గుమాస్తాలు లేచి నిలబడేవారట. అటువంటి వంశంలో పుట్టిన నేను ఒక ఆదివారం పొద్దున, చెరుకు కొట్టే కత్తులకు జడిసి తలుపుకు వీపు ఆనించి వణికాను. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వండి, అభ్యంతరం లేదు. కొంచెం మర్యాదగా నవ్వండి.

మాది అయిదుగురి బ్యాండ్. పేరు ‘పిప్పి’. చెరుకు రసం పోయాక మిగిలేది అదే కదా, మా పరిస్థితికి సరిపోయింది. నేను గిటారు. లావణ్య పాడేది. ఆమె అన్న గంగాధర్ డ్రమ్స్. చెరుకు కోత కూలీల ముఠాకు పెద్ద అతనే. డ్రమ్ము మీద కూడా చెరుకు నరికినట్టే కొట్టేవాడు. ఎనిమిదేళ్లు మా బ్యాండ్ విన్నవాళ్లెవరికీ లావణ్య గొంతు ఎలా ఉంటుందో తెలియదు.

“ఒక్కసారన్న నా గొంతు నాకు ఇనపడాలె ప్రతాప్. అన్నకు చెప్పొద్దు,” అంది లావణ్య.

అలా ఇద్దరమే, బ్యాండ్‌కు తెలియకుండా, దేవిడీ అని పిలిచే మా పాత బంగళాలోని ధాన్యం గదిలో గోనెసంచులు గోడలకు కట్టి ఆరు పాటలు రికార్డు చేశాం. గిటారు, గొంతు, అంతే. విడుదల రోజున గంగాధర్‌కు తానే నెమ్మదిగా చెబుతానని లావణ్య అంది. అప్పటిదాకా ఊరికి నాలుగు ముక్కలు తెలిసేలా చూడమని నాకు అప్పగించింది. ఒక దేశ్‌ముఖ్‌కు ప్రచారం అప్పగించకూడదని ఆమెకు తెలియదు పాపం.

నేను బోధన్ బస్టాండు దగ్గర ఫ్లెక్సులు అచ్చువేసే సాయిలు దగ్గరికి వెళ్లాను. మా ఇద్దరి ఫొటో, తాత ముత్తాతల ఫొటోలు ఇచ్చి, రాయించవలసింది చెప్పాను.

“నర్సింగరావు దేశ్‌ముఖ్ గారి మునిమనవడు, విఠల్‌రావు దేశ్‌ముఖ్ గారి మనవడు ప్రతాపరావు, లావణ్యల ఆల్బమ్ విడుదల. ఆదివారం పది గంటలకు, మా దేవిడీలో. అందరూ రావాలి.”

సాయిలు కళ్లు పెద్దవి చేశాడు. “ఆల్బమ్ గుడ విడుదల జేస్తరా దొరా? గిట్ల జేసుడు నేనెన్నడు సూడలే. పెద్దింటోళ్ల రివాజే వేరు!”

‘పెద్దింటోళ్ల’ అన్న మాట దగ్గరే నా బుద్ధి ఆగిపోయింది.

మరుసటి రోజు ఫ్లెక్స్ చూపించాడు. మూలల్లో అరటి చెట్లు, పైన వినాయకుడు. లావణ్య పేరు ముందు ‘చి.ల.సౌ.’ చేరింది. కింద ‘సపరివారంగా విచ్చేసి ఆశీర్వదించ ప్రార్థన’.

“ఈ చి.ల.సౌ. ఎందుకు సాయిలూ?”

“ఆడివిల్ల పేరు వట్టిగ రాస్తరా దొరా? మర్యాదుండదు.”

మర్యాద! ఇక నేనేం మాట్లాడతాను? పైగా నా చూపు మా ముత్తాత మీసాల మీదే ఉంది. ఎద్దు కొమ్ములంత వేశాడు. అందుకే కింద నా ఫొటోలో గిటారు లేదని గమనించలేదు. “ఆ కట్టె అడ్డమున్నదని తీసేసిన” అని సాయిలు తర్వాత చెప్పాడు. గిటారు పోయింది కానీ చేతులు మిగిలాయి. అవి గాలిలో లావణ్య వైపు చాచి ఉన్నాయి.

ఆదివారం తొమ్మిదింటికి ఫోన్.

“ప్రతాప్, బస్టాండుకాడ ఏం కట్టినవ్?” లావణ్య కేక వేసింది. “బస్సు దిగంగనే జామపండ్ల అవ్వ నా బుగ్గలు వట్టుకొని, కట్నమెంతిచ్చిండ్రు బిడ్డా అంటున్నది!”

“మీ అన్న చూశాడా?”

“ఎవలో ఫోన్ల ఫొటో పంపిండ్రంట, సూసిండు. చెరుకు తోటల కెళ్లి సీదా ట్రాక్టర్ దీసిండంట. ముఠా మొత్తం ఎక్కింది.”

“చేతుల్లో ఏమైనా…”

“చెరుకు కొట్టెటోళ్ల చేతులల్ల ఏముంటయ్? కత్తులే ఉంటయ్!”

ఫోన్ పెట్టి దర్వాజా దగ్గరికి పరుగెత్తాను. దేశ్‌ముఖ్‌లు పరుగెత్తరు. నేను పరుగెత్తాను. మా ముత్తాత ఏనుగు దూరేలా చేయించిన టేకు తలుపులవి, ఇత్తడి బుడిపెలతో. నేను పుట్టాక ఎవరూ మూయగా చూడలేదు. ఆ రోజు నేనొక్కణ్నే మూశాను. ప్రాణభయానికి అంత బలముంది. అడ్డగడియ వేసి, వీపు ఆనించి నిలబడ్డాను. నడుము మాత్రం నిటారుగానే ఉంది.

ట్రాక్టర్ వచ్చి ఆగింది. తలుపు దబదబా మోగింది.

“దొరా! తలుపు తియ్!” ముఠా వాళ్ల గొంతులు.

“తీయను! గంగాధర్, చెప్పవలసింది అక్కడి నుంచే చెప్పు!”

“ఎవలతోని మాట్లాడుతున్నవ్? నేనీడ ఉన్న,” అని ఎదురుగా వినిపించింది.

గంగాధర్ నా ముందు నిలబడి ఉన్నాడు. ఉత్తరం వైపు ప్రహరీ గోడ రెండేళ్ల క్రితం వానలకు కూలిందన్న సంగతి, భయంలో నాకు గుర్తులేదు. అతనికి గుర్తుంది.

చేయి ఎత్తాడు. కళ్లు మూసుకున్నాను. ఆ చేయి నా భుజం మీద పడింది.

“భయపడకు బావా.”

అమ్మతోడు, కత్తి కన్నా ఆ ‘బావా’కే ఎక్కువ భయపడ్డాను.

“చెప్పకుంట చేసుకున్నరు. కోపమొచ్చింది. కని ఆల్బమ్ దాక వచ్చినంక ఇగ ఏం జేస్తం? బట్టలు వెట్టి పోదమని నడుమ ఇంటికి వొయ్యి అవ్వను గుడ తోలుకొచ్చిన. ఏది, ఫొటోలు సూపియ్.”

అతని వెనక వాళ్ల అమ్మ, పళ్లెంలో పసుపు కుంకుమ, కొత్త పంచె. అంతలో లావణ్య ఆటో దిగి, కూలిన గోడ మీదుగానే ఉరికి వచ్చింది.

“అన్నా, పెండ్లి గాదే! పాటలు! మేమిద్దరం పాటల ఆల్బమ్ జేసినం!”

గంగాధర్ మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. నెమ్మదిగా అడిగాడు. “పాట నువ్వు. గిటారు గీయన. మరి డ్రమ్ము ఎవలు గొట్టిండ్రు?”

ఇద్దరం నేల చూశాం.

“మెషిన్‌తోని గొట్టించిండ్రా?”

“మెషిన్ గుడ లేదన్నా,” అంది లావణ్య.

అతని ముఖం అప్పుడు ఎర్రబడింది. నిజమైన భయం అప్పుడు తెలిసింది నాకు.

“పెండ్లి జేసుకుంటె మాఫ్ జేస్తి! డ్రమ్ము లేకుంట పాటలు జేస్తరా?”

“నా గొంతు నాకు ఇనపడాలనిపించిందన్నా. ఎనిమిదేండ్లు నీ డ్రమ్ము ఇన్న.”

అతను అమ్మ దించిన పళ్లెం పక్కనే దర్వాజా మెట్టు మీద కూలబడ్డాడు. “పెట్టు. ఇంటా,” అన్నాడు. ఫోన్‌లో పాటలు పెట్టాను. మూడో పాట దాకా కదల్లేదు. నాలుగో పాటలో వాళ్ల అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “పోరి గొంతు గిట్లుంటదారా గంగాధరూ?” అంది. ఆరో పాటలో అతని వేళ్లు మా ముత్తాత తలుపు మీద మెల్లగా, చెరుకు నరకకుండా, దరువు వేశాయి. ఆ దరువుతోనే ఆ పాట మళ్లీ రికార్డు చేశాం. ఆల్బమ్‌లో అందరూ మెచ్చుకునేది అదొక్కటే అని చెప్పడానికి సిగ్గుగా ఉంది. కొత్త పంచె నేనే ఉంచుకున్నాను. గంగాధర్ నన్ను ఇప్పటికీ బావా అనే పిలుస్తాడు, నేను బెదరడం చూడడానికి.

కాబట్టి మా వంశం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ ఫ్లెక్స్ మీదా నా తాతలను ఎక్కించను, ఎవరి పేరు ముందూ చి.ల.సౌ. పెట్టనివ్వను, నా చేతిలో గిటారు ఉందో లేదో చూసుకోకుండా అచ్చుకు ఒప్పుకోను.

దర్వాజాను పోయిన ఎండాకాలం నిజామాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు వాళ్లకు అమ్మేశాం. పెళ్లి ఆల్బమ్ ఫొటోలు ఇప్పుడు దాని ముందే తీస్తున్నారు.