ఒంటిగంట స్కాన్

ఆ రోజుల్లో నాకు స్కాన్ అంటే ఒకటే అర్థం. డిగ్రీ అయిన కొత్తలో ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ల పనికి చేరాను (జమ్మలమడుగు నుంచి రోజూ బస్సు, సీటు దొరికిన రోజు పండగే). ఆరు కంప్యూటర్లకూ, మెట్ల పక్క గదిలో ఉన్న సర్వర్‌కూ వారానికోసారి యాంటీవైరస్ స్కాన్ పెట్టడం నా పని. అది నడిచినంతసేపూ బిల్లులు ఎక్కడివక్కడ ఆగిపోయేవి. బిల్లులు కొట్టే పెద్దాయనను అందరం మామా అనేవాళ్లం. "మందు దానికేసి నన్ను పండబెడ్తాండావే పాపా" అని ఆయన గొణిగేవాడు. అందుకని బాగా ఆలోచించి, స్కాన్‌ను అందరూ అన్నానికి పోయే వేళకు మార్చి, సర్వర్ గది తలుపుకు కాగితం అంటించాను: "శుక్రవారం ఒంటిగంటకు స్కాన్. అయ్యేవరకు ఎవరూ లోపలికి రాకూడదు."

ఆ శుక్రవారం నేను అన్నం తిని వచ్చేసరికి తలుపు ముందు ఒక నిండు చూలాలు, ఆమె అత్త కింద కూర్చుని ఉన్నారు. తొండూరు నుంచి దారిలో బస్సు మారి, పదకొండుకే చేరారట.

"ఏంది పెద్దమ్మా, ఈడ కూచున్న్యారు?"

"స్కాన్ ఈడనే అంట కదమ్మా, మా కోడలు చదివింది. పోయినసారి చెప్పినారని నీళ్లు శానా తాగింది, ఇంగ ఆపుకోలేకుండా ఉంది."

"అది కంప్యూటర్‌కు చేసే స్కాన్ పెద్దమ్మా" అన్నాను. నా వెనకే వచ్చిన మామ "దానికీ నెలలు నిండినాయిలే అక్కా" అన్నాడు. ఇద్దరం నవ్వాము. పెద్దామె కూడా మర్యాదకు నవ్వింది. కోడలు మాత్రం నా వైపు చూసి, "నిన్నట్నుంచి బిడ్డ మెదల్లేదు మేడం" అంది మెల్లగా.

ఆమె చేయి పట్టుకుని పై అంతస్తులో ఉన్న స్కానింగ్ గదికి తీసుకుపోయాను. బిడ్డ దక్కలేదు. ప్రాణం నిన్ననే పోయిందనీ, ఆ రెండు గంటల వల్ల మారేదేమీ లేదనీ డాక్టరమ్మ నాతో అంది (నిజమో, నన్ను ఊరడించడానికి అన్నదో అడిగే ధైర్యం లేకపోయింది). కోడలు ఏడవలేదు. "నేనే సరిగా చదవలేదు అత్తా" అంది. పెద్దామె ఆమె తల నిమురుతూ, "నువ్వేం జేస్తావు తల్లీ, అట్లనే రాసినారు" అంది. నా వైపు చూడలేదు.

సాయంత్రం కొత్త కాగితం రాశాను: "ఇది కంప్యూటర్ల గది. కడుపుతో ఉన్నవాళ్లు ఇక్కడ ఆగకుండా పైకి పోవాలి." మామ చదివి, బిల్లుల దగ్గరకు పోయాడు.

ఇప్పుడు నాకూ ఒక పాప. నిద్రలో కాస్త ఎక్కువసేపు కదలకపోతే పాదం గిల్లి మరీ ఏడిపిస్తాను. మా ఆయన విసుక్కుంటాడు. అప్పుడు ఎవరినీ ఏమీ అడగకుండా ఆ తలుపు ముందు కూర్చున్న ఆమె గుర్తొస్తుంది. కాగితం అంటించి, నాలుగడుగులు వెనక్కి వేసి, చూసుకుని మురిసిపోయిన పిల్ల కూడా గుర్తొస్తుంది. దాన్ని తిట్టాలనుకుంటాను, ఎందుకో నవ్వొస్తుంది. అక్షరాలు మాత్రం గుండ్రంగా, ఎంతో బాగా కుదిరాయి. చదివినవాళ్లు ఎవరైనా నమ్ముతారు.