గాలి తగలని స్పీడ్ మీటరు

ఎనభైల మొదట్లో మేం అమెరికాలో నోవై అనే ఊళ్లో ఉండేవాళ్లం. నాకు కార్ల కంపెనీలో ఉద్యోగం. తలుపు సందుల్లోంచి గాలి దూరి ఈల వేయకుండా చూడటం నా పని. మా వీధిలోనే గుంటూరు నుంచి వచ్చిన పళ్ల డాక్టరు గారు ఉండేవారు. ఇద్దరం కలిసి ఒక అల్ట్రాలైట్ కొన్నాం. పేరుకి విమానమే. అల్యూమినియం గొట్టాలు, గుడ్డ రెక్కలు, వీపు వెనక గడ్డి కోసే మిషన్‌లా మొత్తుకునే ఇంజిన్, మధ్యలో ఒక్క మనిషికి కుర్చీ. లైసెన్స్ అక్కర్లేదు. అమ్మినాయన కొన్నాళ్లు నేర్పించి వదిలేశాడు.

ముందు ఏ అడ్డూ లేకపోవడంతో సెప్టెంబరు చివరికే పైకెళితే మోకాళ్లు కొయ్యబారిపోయేవి.

"ముందర ఓ అద్దం పెడదామండీ," అన్నారు డాక్టరు గారు.

గాలిని ఆపడమంటే నాకు ఆఫీసు పనే. దళసరి ప్లాస్టిక్ అద్దం కొనుక్కొచ్చి గరాజ్‌లో మొదలుపెట్టాం. మామూలు డ్రిల్‌తో పగులుతుందని డాక్టరు గారు తన క్లినిక్‌లో మూలపడ్డ పళ్లు తొలిచే మిషన్ తెచ్చారు. ప్రతి బెజ్జానికీ ముందు ఆగి, అలవాటు కొద్దీ, "నొప్పేమీ ఉండదు," అనేవారు.

మా ఆవిడ కాఫీ తెచ్చి చూసింది. "గాలి కోసమేగా అంత పైకెళ్లేది. మళ్లీ దానికి అడ్డమెందుకు?" అంది. డాక్టరు గారు తర్వాతి బెజ్జం మీదికి వంగారు.

శనివారం పొద్దున అద్దం బిగించి నేనే ముందు ఎక్కాను. మోకాళ్లకి చిన్న గాలి కూడా తగల్లేదు. ఆ హాయిలో గడ్డి మీద పరుగు తీసి పైకి లేచేదాకా మీటరు వంక చూడనే లేదు. మా స్పీడ్ మీటరు జానెడు ప్లాస్టిక్ గొట్టం. ఎదురుగాలి లోపలికి వెళితే అందులోని ఎర్ర బిళ్ల పైకి తేలుతుంది. ఇప్పుడు చూస్తే బిళ్ల అడుగున పడుకుని ఉంది. అంటే నా వేగం సున్నా.

వేగం లేకపోతే విమానం రాయిలా పడుతుందని నేర్పినాయన పదేపదే చెప్పాడు. వేగం పెరగాలని విమానం ముక్కు కిందికి దించాను. రెక్కల తాళ్లు కూతపెట్టాయి. బిళ్ల కదల్లేదు. ఇంకా దించాను. కింద డాక్టరు గారు రెండు చేతులూ ఊపుతుంటే మెచ్చుకుంటున్నారనుకుని నేనూ ఒక చెయ్యి ఊపాను. ఆ తర్వాత ఎదురుగా కనిపించిన సోయా చేలో దిగిపోయాను.

చేను గల రైతు ట్రాక్టర్ మీద వచ్చాడు. చక్రాలకి చుట్టుకున్న మొక్కలు చూశాడు, నన్ను చూశాడు.

"ఇంజిన్ ఆగిపోయిందా?"

"లేదు."

"మరి ఎందుకు దిగావు?"

"మీటరు ప్రకారం నేను గాల్లో కదలకుండా నిలబడి ఉన్నాను."

అతను వంగి గొట్టంలోకి చూశాడు. "ఇప్పుడైతే సరిగ్గానే చూపిస్తోంది," అన్నాడు.

ఈలోగా డాక్టరు గారు ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చారు. "మీటరు అద్దం వెనక ఉండిపోయిందండీ. గాలెక్కడ తగులుతుంది?" అన్నారు. నేను చేసే ఉద్యోగానికి ఆ మాట నాకే తట్టాల్సింది. రైతు తన ట్రైలర్ మీద విమానాన్ని మా గడ్డి మైదానం దాకా లాగిపెట్టాడు. పాడైన మొక్కల సంగతి ఎత్తితే, చాన్నాళ్లకి నవ్వించావు పొమ్మన్నాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకి పూసగుచ్చినట్టు చెప్పాను. అంతా విని, "అయితే అద్దం బాగా పనిచేసిందన్నమాట," అంది.

తర్వాతి వారం గొట్టాన్ని ఒక ఇనప పట్టీతో అద్దానికి బయట, పక్కగా బిగించాం. ఈసారి డాక్టరు గారు ఎగిరారు. నేను ఆయన దిగేదాకా కింద నిలబడి మెడ నొప్పెట్టేలా చూశాను. మీటరు చదవడానికి ఆయన పైన ఉన్నంతసేపూ తల అద్దం పక్కనుంచి గాల్లోకి చాపే ఉంచారు. దిగగానే, ముక్కు కారుతోంది, కర్చీఫ్ ఉందా అని అడిగారు.