గంట ముందున్న గడియారం

చిత్తూరు మిషను బడిలో గంట కొట్టే ప్రేమానందానికి ఉన్నది ఒక్కటే చేతి గడియారం. తన దేశం వెళ్ళిపోతూ మిషను దొరసాని ఇచ్చి వెళ్ళింది. పండక్కొకటి, పనికొకటి అనే భాగ్యం అతనికెక్కడిది? స్నానానికి తప్ప అది చేతినుంచి దిగేది కాదు. పొద్దున్నే లేచి కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాకే అతనికి తెల్లవారినట్టు. బడిలో గోడగడియారం ఎప్పుడో మూలపడింది. హెడ్మాస్టరు సుందరరాజు అంతటివాడు కూడా ప్రేమానందం మణికట్టు చూసే కుర్చీలోంచి లేచేవాడు.

"నాకు మెళ్ళో తాళి, నీకు చేతికి గడియారం. రొండూ విప్పేవి కావు," అనేది భార్య ఆనందమ్మ.

అట్లాంటి మనిషి టైము తప్పాడంటే ఎవరు నమ్ముతారు? కానీ తప్పాడు.

యుద్ధం రోజులు. నలభై రెండులో, దేశమంతా గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుకోవాలని సర్కారు ఉత్తరువు వేసింది. దొరలు తలుచుకుంటే పొద్దును కూడా జరుపుతారు మరి. ఫలానా తేదీ నుంచి కొత్త టైమని ముందురోజే సుందరరాజు చెప్పాడు. అయితే మరునాడు ప్రేమానందం బడికి రావడం లేదు. ఆనందమ్మకు కడుపునొప్పి ముదిరింది. ఆలస్యం చేయకుండా వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని ఊరి డాక్టరు తొందరపెట్టాడు. వేలూరు దారిలో కాట్పాడి దాకా పోయే బండి పొద్దున తొమ్మిదింటికి.

"బడికొచ్చినాక తిప్పుకుంటాలే సార్," అన్నాడు ప్రేమానందం.

తెల్లవారుతూనే ఆనందమ్మ తల దువ్వుకుని, మూట పక్కన పెట్టుకుని గోడకానుకొని కూర్చుంది. నొప్పికి పెదవి కొరుక్కుంటోంది. ప్రేమానందం గడియారం చూశాడు. టైము గంట ముందుకు జరిపారంటే బండి కూడా గంట ఆలస్యంగా, తన గడియారంలో పదింటికి వస్తుందని లెక్క వేసుకున్నాడు. ఖర్మ, ఆ లెక్క తలకిందులు. కొత్త తొమ్మిదంటే అతని చేతి మీద ఎనిమిదే.

"ఇంకా టైముండాది. రవ్వంతసేపు పండుకో," అన్నాడు.

ఆమె పడుకుంది. మొగుడి గడియారాన్ని ఆమె ఏనాడూ అనుమానించలేదు.

జట్కా కట్టించుకుని వెళ్ళేసరికి స్టేషనులో పోర్టరు కోదండం తప్ప ఎవరూ లేరు.

"యాడిదబ్బా బండి? అది పొయ్యి రొండు గంటలాయె," అన్నాడు కోదండం.

ప్రేమానందం భార్యను బెంచీ మీద పడుకోబెట్టి, పక్కన కూర్చుని, అప్పుడు ముల్లు గంట ముందుకు తిప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. బస్సులకు పెట్రోలు దొరకని కాలం, మళ్ళీ సాయంత్రం బండే దిక్కు. ఆ బండి బొమ్మసముద్రం స్టేషను దాటాక, అతని ఒడిలోనే ఆమె ప్రాణం పోయింది. పోయేముందు ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. అన్నా బాగుండేది.

అతను ఏడవలేదు. సమాధి దగ్గరా ఏడవలేదు. కొద్దిరోజులకే బడికి వచ్చి టైముకు గంట కొట్టాడు. పక్కింట్లో కాపురముండే ఆనందమ్మ చెల్లెలు కుప్పమ్మ కూడు పెడితే తినేవాడు. ఉప్పు మరిచినా తినేవాడు. పొద్దున్నే గడియారానికి కీ ఇచ్చేవాడు గానీ, చెవి దగ్గర పెట్టుకోవడం మానేశాడు. లోపలంతా మొద్దుబారిపోయింది, అంతే. వాడిది గుండె కాదు, బండ అన్నారు జనం. జనానికేం, అనడానికి ఖర్చా?

మూడేళ్ళకు యుద్ధం ముగిసింది. సర్కారు తీసుకున్న గంటను తిరిగి ఇచ్చేసింది. ఊళ్ళో గడియారమున్న ప్రతివాడూ ముల్లు వెనక్కి తిప్పుకున్నాడు, ప్రేమానందం తప్ప. బడి గంట కొట్టేముందు మనసులోనే ఒక గంట తీసేసేవాడు. ఏనాడూ పొరపాటు రాలేదు.

"ఏమయ్యా, నీ చేతి మీద యుద్ధం ఇంగా అయిపోలేదా?" అని సుందరరాజు నవ్వేవాడు. నవ్వాలి కాబట్టి ప్రేమానందమూ నవ్వేవాడు.

ఒకనాడు కుప్పమ్మ తిరుపతిలో చుట్టాల పెళ్ళికి బయల్దేరింది. స్టేషను దాకా దిగబెడతానని వచ్చిన ప్రేమానందం మణికట్టు తొంగిచూసి, బండి దాటిపోయిందని మూట చంకన పెట్టుకుని వీధిలోకి పరుగెత్తింది.

"నిలు కుప్పమ్మా. అది గంట ముందుండాది," అన్నాడు అతను వెనకనుంచి.

ఆమె రొప్పుతూ వెనక్కి వచ్చింది. కోపం ముంచుకొచ్చింది.

"గుండె ఆగినంత పనాయె. ఊరికంతా ఒక టైము, నీకొకటా? ఇట్లియ్యి బావా, నేనే తిప్పేస్తా," అంటూ చెయ్యి చాచింది.

ప్రేమానందం గడియారం మీద రెండో చెయ్యి మూశాడు. మూడేళ్ళుగా దేనికీ అడ్డు చెప్పని మనిషి.

"వొద్దు."

"తిప్పితే ఏమయితాది?"

అతను మూసిన చెయ్యి తియ్యలేదు.

"తిప్పితే, ఇంకా టైముండాదని అనిపిస్తాది," అన్నాడు.

కుప్పమ్మ చాచిన చెయ్యి దించుకుంది. ఇంట్లో కూర్చుని కాఫీ తాగే వ్యవధి ఉంది. ఆమె కూర్చోలేదు.

"పద బావా. ముందే పొయ్యి ఆడ్నే కూసుందాం," అంది.

అతను మూట అందుకున్నాడు. ఇద్దరూ గంట ముందే స్టేషనుకు వెళ్ళి, ఆ బెంచీ మీదే కూర్చున్నారు.