పూసకట్టిన టాలో

2023 ఫిబ్రవరిలో, రిటైర్మెంటుకి ఇంకో పది నెలలుందనగా, నాకు కొత్త ప్రాజెక్టు ఒకటి అప్పగించారు. అప్పుడు నేను ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌కి ఉత్తరాన ఒక చిన్న క్రీముల ఫ్యాక్టరీలో సీనియర్ ఫార్ములేటర్‌ని. అంటే క్రీములకి వంట పద్ధతి రాసే మనిషినన్నమాట. ఏ నూనె ఎంత, ఏ వేడిలో, ఎంతసేపు కలపాలి, అన్నీ కాగితం మీద పెట్టాలి. ముందు ల్యాబులో గ్లాసెడు చేసి చూసుకుని, తర్వాత అయిదు కిలోల పైలట్ బ్యాచ్ తీసి క్లయింటుకి చూపించాలి. అది నచ్చితేనే ఫ్యాక్టరీలో పెద్ద కెటిల్ వెలిగిస్తారు.

ప్రాజెక్టు కాగితంలో మొదటి వాక్యమే గొడ్డు కొవ్వుతో మాయిశ్చరైజర్ అని. ఆ కొవ్వుని కరిగించి వడకట్టినదాన్ని ఇక్కడ టాలో అంటారు. ఆ రోజుల్లో ఇన్‌స్టాగ్రామ్ తెరిస్తే చాలు, ఎవరో ఒకరు మొహానికి అదే పులుముకుంటూ కనిపించేవారు. మా టెక్నికల్ మేనేజర్ గ్రెగ్ మొహమాటపడుతూ నా బల్ల దగ్గరికి వచ్చి, నీకు ఇబ్బందైతే వేరేవాళ్ళకి ఇస్తాను, నో వర్రీస్ అన్నాడు. నేను గుంటూరు మనిషిని, బుద్ధెరిగాక కోడిగుడ్డు కూడా ముట్టలేదు. అయినా అంత సర్వీసు చేశాక ఒక పని వద్దనడం నామోషీ అనిపించింది. గ్లవ్స్ ఉన్నాయిగా, కొబ్బరినూనె అయినా ఇదైనా కెమిస్టుకి ఒకటేనని బడాయి పోయి ఒప్పేసుకున్నాను.

ఇంట్లో చెబితే మా ఆయన, "ల్యాబ్‌లో నువ్వేం చేసుకున్నా ఐ డోంట్ మైండ్ గానీ, ఆ సాంపిల్స్ మాత్రం మన ఫ్రిజ్‌లో కనపడకూడదు సుమా" అన్నారు.

క్లయింటు పేరు మారియన్. అరవైకి దగ్గరపడిన మనిషి, మర్రే నది వైపు పశువులు పెంచే కుటుంబం. ఏళ్ళ తరబడి తన వంటింట్లో టాలో కాచి ఇరుగుపొరుగుకి పంచేది. ఇప్పుడు నాలుగైదు ఊళ్ళలో షాపులున్న ఒకాయన, రెండు వారాల తర్వాత వచ్చే శుక్రవారం ఒక డబ్బా తెచ్చి చూపించమన్నాడట. కొడుకులిద్దరూ మంద అమ్మేద్దామని పట్టుబడుతున్నారనీ, ఈ డబ్బా షాపుల్లోకి వెళితే మంద నిలబడుతుందనీ ఆమె మొదటిరోజే దాపరికం లేకుండా చెప్పింది. చిక్కల్లా ఒక్కటే. ఆమె టాలో రాసుకుంటే పక్కవాళ్ళకి ఆదివారం ఓవెన్‌లో కాల్చే మాంసం, అదే రోస్టు, వాసన వచ్చేది.

వాసన సంగతి నేను తేల్చాను. మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వుని సన్నగా తరిగి, ఉప్పునీళ్ళలో సన్నసెగ మీద కరిగించి, గుడ్డలో వడకట్టి, చల్లార్చాలి. కొవ్వు పైన బిళ్ళలా పేరుకుంటుంది, మలినం కింద నీళ్ళలో దిగిపోతుంది. అలా నాలుగుసార్లు కడిగేసరికి ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ తెలియలేదు. ఆ రోజు కారిడార్లో నేను పాడుకుంటూ నడిచానని గ్రెగ్ తర్వాత వెక్కిరించాడు.

పైలట్ బ్యాచ్ కరిగించి, కాస్త జొజోబా నూనె కలిపి, మూతపెట్టి, కదపకుండా వదిలేశాను. పొద్దున్నే మూత తీస్తే తెల్లగా, పూసపూసగా పేరుకుని ఉంది. నా కడుపు నిండిపోయింది. కాచిన నెయ్యిని కదపకుండా ఉంచాలనీ, పూసకడితేనే అది నెయ్యి అనీ మా అమ్మమ్మ దగ్గర్నుంచి వింటూ పెరిగిన దాన్ని. బ్యాచ్ రికార్డులో 'రూపం: అద్భుతం' అని రాశాను. దాని కింద ఇంకో గడి ఉంటుంది. ఫార్ములేటర్ క్రీముని తన చేతి మీద రాసుకుని, ఎలా పరుచుకుందో అందులో నింపాలి. నేను రాసుకోను. ఇంకొకరిని రాసుకోమనడానికి మొహమాటం. గడి ఖాళీగా వదిలేసి సంతకం పెట్టాను. నా సంతకాన్ని ఎవరూ ప్రశ్నించలేదు.

ఆ శుక్రవారం ఇంక రెండు రోజులుందనగా, బుధవారం మారియన్ వచ్చింది. మూత తీసి వాసన చూసి మొహం చేటంత చేసుకుంది. చేతికి రాసుకుంది. మొహం వాడిపోయింది. "ఇసుక రాసుకున్నట్టుంది, లవ్" అంది మెల్లగా. నేనేమో తెలివితక్కువగా, పూసకట్టింది కదా, మంచి లక్షణమే అని వాదించాను. ఆమె, గ్రెగ్ ఇద్దరూ నన్ను వింతగా చూశారు. నెయ్యికి అందమైన పూస ఒంటికి రాసుకునేదానికి గరుకని అప్పటిగ్గానీ నా బుర్రకి వెలగలేదు. నెయ్యి కథంతా చెప్పి, గడి ఎందుకు ఖాళీగా ఉందో కూడా చెప్పాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

మారియన్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఈ ముక్క ముందే చెప్పి ఉంటే నా చేతులు అరువిచ్చేదాన్ని కదా అంది. టోపీ, కోటు తొడిగించి ఆమెని ల్యాబులోనే కూర్చోబెట్టాం. బ్యాచ్ మళ్ళీ పూర్తిగా కరిగించి, గిన్నెని ఐసునీళ్ళలో దింపి, ఆపకుండా చిలికాను. త్వరగా చల్లారి, కదులుతూ ఉంటే పూస కట్టడానికి వ్యవధి ఉండదు. నెయ్యికి చేయకూడనివన్నీ దానికి చేశానన్నమాట. మొదటిసారి జారుగా వచ్చింది. రెండోసారి అడుగున పలుకు తగిలింది. మూడోసారి, సాయంత్రం నాలుగింటికి, మారియన్ ఒక చేతికి రాసుకుంది, రెండో చేతికి రాసుకుంది, గ్రెగ్ చెయ్యి లాక్కుని దానికీ రాసింది. వెన్నలా దిగిపోయింది. ఆమె కేకేసి నా మీదికి వచ్చి, అంతలో తన చేతులకి టాలో ఉందని గుర్తొచ్చి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి మోచేతులతో నన్ను కావలించుకుంది. అంత సంతోషం నాకు ఏ ప్రమోషనూ ఇవ్వలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ చేసింది. షాపులాయన ఒప్పుకున్నాడు. ఆ ఏడాది మంద అమ్మలేదు.

నేను రాసుకోకపోవడం తప్పని ఇప్పటికీ అనుకోను. ఖాళీ గడి కింద సంతకం పెట్టడం తప్పు. ఆ తర్వాత ఉద్యోగం దిగిపోయేదాకా ప్రతి ప్రాజెక్టుకీ మొదటిరోజే, నేను చేయనిది ఏమిటో, నా బదులు ఎవరు చేస్తారో కాగితం మీద పెట్టాను. చేయలేనని చెప్పిన పనికి ఇంకో చెయ్యి దొరుకుతుంది. దాచిన పనికి దొరకదు.