కరుణమ్మ టీచర్ బిగించిన పలక

ఉదయం తరగతి గదిలోకి వెళ్ళగానే నేను చేసే మొదటి పని ఒక పలకను తడిగుడ్డతో తుడవడం. గోడకు నల్లబోర్డు ఉంది, ఈ మధ్య దాని పక్కనే టీవీ లాంటి పెద్ద తెర కూడా బిగించారు. అయినా నా బల్ల మీద ఆ పలక ఉండాల్సిందే. తడి తగలగానే రాతిలోంచి ఒక వాసన లేస్తుంది, ఎండిన నేల మీద నాలుగు చినుకులు పడితే వచ్చే వాసనకు కాస్త చెక్కపొట్టు కలిపినట్టు. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, గిద్దలూరు దగ్గరి ఈ హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ననే సంగతి మరిచిపోతాను. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ రేకుల షెడ్డు కింద కూర్చున్న పిల్లనైపోతాను, పదో తరగతి ఇంగ్లీషులో తప్పి, మొహం మాడ్చుకుని. ఈ పలకకు ఒక మూల చెక్క చట్రం సరిగ్గా అతకదు. "టీచర్, మంచిది కొనుక్కోవచ్చు కదా?" అని పిల్లలు అడుగుతుంటారు. కొనుక్కోను. దీన్ని బిగించింది కరుణమ్మ టీచర్.

మార్కాపురంలో ఆమెది మా వీధే. కురిచేడు వైపు ఒక పల్లెలో, కూలికి పోయే క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. ఆ ఇంట్లో అందరికన్నా ముందు చదువుకున్నది ఆమే. సన్నగా, నిటారుగా ఉండేది. గంజి పెట్టిన నూలు చీర, చేతికి గడియారం, అంతకుమించి సింగారం ఎరగదు. ఆదివారం చర్చిలో పాట అందుకుంటే వీధి చివరిదాకా వినిపించేది, బళ్ళో మమ్మల్ని కేకలేస్తే ఇంకా దూరం వినిపించేది. కోపం ముక్కు మీదే ఉండేది. అలాంటి మనిషి చెప్పే ఇంగ్లీషులోనే నేను తప్పాను. గైడు మొత్తం బట్టీ పట్టాను, అదీ నా గొప్ప. పరీక్షలో ఒక బొమ్మ ఇచ్చి దాని గురించి రాయమన్నారు. నేను బట్టీ పట్టింది రైల్వే స్టేషన్ బొమ్మ, వాళ్ళు ఇచ్చింది సంత బొమ్మ. సంతలోకి రైలును తోలుకొచ్చినదాన్ని ఎవరు పాస్ చేస్తారు?

మాది కొమరోలు దగ్గర పల్లె. బోరు ఎండిపోయాక నాయన మమ్మల్ని వెంటబెట్టుకుని మార్కాపురం వచ్చి, పలకల ఫ్యాక్టరీలో లోడింగు పనిలో కుదిరాడు. జూన్‌లో బడులు తెరుస్తారు కాబట్టి ఎండాకాలమంతా ఫ్యాక్టరీకి ఊపిరి సలపదు. తప్పినవాళ్ళకు మళ్ళీ పరీక్ష పెట్టేదీ ఆ రోజుల్లోనే. "చదివింది చాల్లే. మేస్త్రీతో మాట్లాడినా, రేపట్నించి పలకలకు చట్రాలు బిగించే పనికి రా" అన్నాడు నాయన. ఊరూరి పిల్లల చదువుకు పలకలు తయారుచేయడానికి నా చదువు మానుకోవాలన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ తప్పినదాని మాట ఎవరు వింటారు?

ఆ సాయంత్రమే కరుణమ్మ టీచర్ మా గడపలో నిలబడింది. "వెంకటయ్యన్నా, పరీక్ష అయ్యేదాకా ఆగితే ఏం పోయినాది?"

"మేము ఆగితే కడుపు ఆగుతాదా టీచరమ్మా? అయినా మళ్ళీ రాస్తే మాత్రం వస్తాదని ఏంది నమ్మకం?"

"సరే, పనికి పంపించు. మధ్యాహ్నం అన్నం తినే పొద్దు మాత్రం పిల్ల నాది" అన్నది ఆమె. నాయన నవ్వి, తీసుకోమన్నాడు. ఆమె నిజంగానే వస్తుందని ఆయన అనుకోలేదు.

వచ్చింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం ఎండలో గొడుగు వేసుకుని ఫ్యాక్టరీ షెడ్డులోకి వచ్చి, అన్నం తింటున్న ఆడవాళ్ళ మధ్య కింద కూర్చుంది. పుస్తకం తేలేదు. విరిగిన పలకలు అక్కడ కుప్పలుగా పడి ఉంటాయి కదా, అందులో ఒక ముక్క నా చేతికిచ్చింది. ఆమె దగ్గర ఒక పట్టుదల ఉండేది. వాక్యంలో ఒక్క మాట తప్పు పోయినా ఆ మాట ఒక్కటే దిద్దుకోనిచ్చేది కాదు. పలక మొత్తం తుడిచి, మొదటి నుంచి మళ్ళీ రాయాలి. "ఒక్క మాటే కదా టీచర్" అని నేను గింజుకుంటే, "ఆ మాట దగ్గరికి నువ్వు యాడ్నించి వచ్చినావో మరిచిపోయినావు, అందుకే తప్పు పోయినాది. మళ్ళా నడిచి రా" అనేది. నా అరచేతులు ఎప్పుడూ బూడిద రంగులోనే ఉండేవి.

ఇంగ్లీషులో నన్ను ఏడిపించింది పెద్ద పెద్ద మాటలు కాదు. ఒకటీ, అనేకం కలిసి వచ్చే చోట నేను బోర్లా పడేదాన్ని. "పలకల పెట్టె బరువుగా ఉంది" అని రాయమంటే, పలకలు బోలెడు కదా అని 'ఈజ్' బదులు 'ఆర్' పెట్టేదాన్ని. ఆమె నన్ను లేపి, పలకలు నింపిన పెట్టె దగ్గరికి తీసుకెళ్ళింది. "ఎత్తు. ఇప్పుడు దేన్ని ఎత్తుతున్నావు?" పెట్టెనన్నాను. "లోపల ఎన్నన్నా ఉండనీ. నీ చేతిలో ఉన్నది పెట్టె. దానితోనే మాట కలుపు." పెట్టె నేను ఎత్తలేకపోయాను గానీ, 'ఎ బాక్స్ ఆఫ్ స్లేట్స్ ఈజ్ హెవీ' అన్న వాక్యం మాత్రం ఆ రోజుతో నాకు వచ్చేసింది.

ఇంకోరోజు, నెత్తిన పెట్టెలతో లారీ వైపు నడుస్తున్న ఆడవాళ్ళను చూపించి రాయమన్నది. తెలుగులో అనుకున్నట్టే, ఆడవాళ్ళను బహువచనంలో రాసి, పెట్టె ఒకటి, తల ఒకటి అన్నట్టు ఏకవచనంలో పెట్టాను. ఆమె చదివి ఆడవాళ్ళ వైపు తిరిగింది. "నాగమ్మా, మీ అందరికీ కలిపి తల ఒకటేనంట, ఈ పిల్ల రాసినాది."

నాగమ్మత్త షెడ్డులో అందరికన్నా పెద్దది, మాటకారి. "ఒకటైతే బాగుండు టీచరమ్మా. ఒకరికి నొప్పి లేస్తే అందరం కూర్చుందుము" అన్నది. షెడ్డు షెడ్డంతా నవ్వింది. టీచర్ కూడా నవ్వింది. నవ్వు ఆగాక నాతో నెమ్మదిగా, "మన మాటలో నెత్తిన పెట్టె అంటే చాలు, ఎవరి నెత్తి వాళ్ళదని మనకు తెలుసు. ఇంగ్లీషులో ప్రతి తలనూ చూసుకుంటా రాయాల. చూడు ముందు. చూసి రాయి" అన్నది. చూశాను. నాగమ్మత్త తల నెరిసింది, ఇంకొకామె పెట్టె కింద గుడ్డ చుట్ట సరిగ్గా లేక మెడ వంచి నడుస్తోంది. బొమ్మను చూడకుండా బట్టీ పట్టింది రాసి తప్పిన పిల్లను నేను. మనుషులను చూసి వాక్యం రాయడం అదే మొదటిసారి. 'విమెన్ విత్ బాక్సెస్ ఆన్ దెయిర్ హెడ్స్.' ఆమె ఆ పలక తుడవమనలేదు.

పరీక్ష రేపనగా మేస్త్రీ మా ఇంటికి వచ్చి, రేపే లారీ పోవాలన్నాడు. "ఒక్క చెయ్యి తగ్గినా కుదరదు. పిల్ల మానుకుంటే వాళ్ళ నాయన కూడా వేరే పని చూసుకోవాల." నాయన తల వంచుకున్నాడు. పొద్దున హాల్‌టికెట్ రవికెలో దోపుకుని, పనికే పోయాను.

నా చోట కరుణమ్మ టీచర్ కూర్చుని ఉంది. గంజి చీర కొంగు నడుముకు దోపి, చేతిలో సుత్తి పట్టుకుని. ఒకే వీధి కదా, మేస్త్రీ మాట రాత్రే ఆమె చెవిన పడిందట. "పిల్ల చోటు ఖాళీ లేదు. నేనున్నా" అన్నది మేస్త్రీతో.

"నీకు ఈ పని వస్తాదా టీచరమ్మా?"

"రాదు. నేర్చుకుంటా."

మేస్త్రీ కుదరదన్నాడు. అప్పటిదాకా టకటకమంటున్న సుత్తులు ఆగిపోయాయి. "టీచరమ్మ కూర్చుంటాది, పిల్ల పోతాది" అన్నారు ఆడవాళ్ళు, అందరూ ఒకేసారి. లారీ రోజు ఆ సుత్తులు ఆగితే ఏమవుతుందో మేస్త్రీకి తెలుసు. గొణుక్కుంటూ బయటికి పోయాడు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. "ఇంకా నిలబడినావేంది?" అని టీచర్ కసిరింది. గుమ్మం దాటబోతుంటే మళ్ళీ పిలిచింది. "తలలు ఇన్ని ఉన్నాయి కదా, ఇప్పుడు మాట్లాడిన గొంతులు ఎన్ని?" జవాబూ ఆమే చెప్పింది. "ఒకటే. ఇంగ్లీషులోనూ ఒకటే రాయాల. ఇన్ వన్ వాయిస్. పో, బస్సు పోతాది."

పరీక్షలో వానలో గొడుగులు పట్టుకుని బడికి పోతున్న పిల్లల బొమ్మ ఇచ్చారు. ఒక్కొక్క గొడుగునూ, ఒక్కొక్క చేతినీ చూసి రాశాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆమె ఇంకా అక్కడే ఉంది. బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఉంది, దాని మీద నెత్తురు మరక. పక్కన ఆమె బిగించిన వంకర పలకల గుట్ట. "టీచరమ్మా, ఈ పరీక్షలో నువ్వు తప్పినావు" అన్నది నాగమ్మత్త. "మళ్ళా రాస్తా" అన్నది ఈమె. నాయన లోడింగు ముగించుకుని వచ్చి, ఆమె ఎదురుగా చతికిలబడి, ఆ వంకర చట్రాలు ఊడదీసి మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. చాలాసేపటికి, తల ఎత్తకుండానే, "రేపట్నించి పాపను పంపనులే అమ్మా. చదవనీ" అన్నాడు. ఆ పలకల్లో ఒకటి ఎంత కొట్టినా మూల కలవలేదు. దాన్ని నేను ఇంటికి తెచ్చుకున్నాను. పాసయ్యాను, ఇంటర్‌కు పోయాను, చివరికి ఆమె చెప్పిన పాఠాన్నే చెప్పుకుని బతుకుతున్నాను.

కరుణమ్మ టీచర్ పోయిన ఏడు కాలం చేసింది. సమాధి దగ్గర ఆమె పాటలే పాడారు. నేను పాడలేకపోయాను, ఏడుస్తూ నిలబడ్డాను. ఆమె లేని లోటు ఇంత ఉంటుందని అనుకోలేదు.

రేపు పదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు పరీక్ష. నా క్లాసులో శిరీష అనే పిల్ల మిరపకోతలు మొదలైనప్పటి నుంచి సరిగ్గా రావడం లేదు. ఇవాళ సాయంత్రం వాళ్ళు కోతకు పోయే చేను దగ్గరికి వెళ్ళాను. ఎర్రగా పండిన సాళ్ళలో ఆడవాళ్ళు వంగి కాయలు కోస్తున్నారు, చివరి సాలులో శిరీష ఉంది. వాళ్ళమ్మ నడుము పట్టుకుని లేచి నిలబడింది. "సాలుకొక మనిషిని తెస్తామని ఒప్పుకున్నాం టీచర్. రేపటితో కోత అయిపోవాల. పిల్ల పరీక్షకు పోతే ఈ సాలు ఎవరు పడతారు?"

ఇంగ్లీషు పరీక్ష రోజు ఇంగ్లీషు టీచర్లకు గదుల్లో డ్యూటీ వేయరు. ఒకరోజు సెలవు పెట్టడం నాకు పెద్ద పని కాదు. కొంగు తీసి నడుముకు దోపుకున్నాను.

"నేను పడతా" అన్నాను.

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నీకు మిరక్కాయలు కొయ్యడం వస్తాదా టీచర్?"

"రాదు" అన్నాను. "నేర్చుకుంటా."