సుబ్బరత్నమ్మ ఉప్పుజాడీ

పొద్దున్నే వాన పట్టుకుంది, కరెంటు పోయింది. నంద్యాలలో మా వంటింటికి ఉన్నది ఒకటే కిటికీ, అదీ పక్కింటి గోడ వైపు. మబ్బు పట్టిందంటే లోపల గిన్నె ఏదో మూత ఏదో తెలియదు. పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంది. ఉప్పు కోసం చెయ్యి చాచాను. వేలు జాడీ అంచు మీద పగిలిన చోట తగిలింది. గోరంత పగులు. రోజూ కళ్లతో చూసేదే, కానీ ఈరోజు చూడకుండా తాకాను. దాని మీద వేలు పెట్టుకొని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, పప్పు అడుగంటిన వాసన వచ్చాక గానీ ఈ లోకంలోకి రాలేదు.

ఆ జాడీ నాది కాదు. ఆళ్లగడ్డలో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు సుబ్బరత్నమ్మది. ఆమెను పెద్దమ్మ అని పిలిచేదాన్ని. నా వంటింట్లో ఏ వస్తువు ఎక్కడ ఉండాలో, చాలీచాలని జీతంలో నెలంతా కడుపు నిండా ఎలా తినాలో ఆమె నేర్పిందే. ఆమెకు ఉన్న కోరిక ఒకటే, కడదాకా తన పొయ్యి మీద తన వంట తాను చేసుకోవాలని. ఆ పొయ్యిని ఆమెకు కాకుండా చేసింది నేను. కావాలని కాదు, ప్రేమతోనే చేశాను. అలా సర్ది చెప్పుకోబోయిన ప్రతిసారీ ఇంకా ఎక్కువ సిగ్గేస్తుంది.

మాకు అప్పుడు పెళ్లయిన కొత్త. మా ఆయన ఓబులేసు ట్రాక్టరు స్పేర్‌పార్టుల అంగడిలో పనిచేసేవాడు. ఒకటో తారీఖున జీతం వస్తే సంచులు నింపుకొని వచ్చేవాళ్లం, ఇరవయ్యో తారీఖుకల్లా ముఖాలు చూసుకునేవాళ్లం. బజారు వెనక సందులో ఇల్లు. ముందు భాగంలో పెద్దమ్మ ఒక్కతే ఉండేది, వెనక రెండు గదులు మావి, మధ్యలో బండలు పరిచిన వాకిలి. ఒకరోజు నేను పురుగు పట్టిన కందిబేడలను డబ్బాతో సహా తెచ్చి కాలువలో పోయబోతున్నాను. పెద్దమ్మ వాకిట్లో కూర్చొని చింతపండు గింజలు తీస్తూ ఉంది.

"ఏం మే, యాడ పోస్తాండావ్ వాటిని?"

"పురుగు పట్టినాయి పెద్దమ్మా."

"పురుగు పడితే పారబోస్తారా? గింజ బాగుండాదో లేదో చూసినావా? ఆ చాట ఇట్ల తే."

బేడలను చాటలో పోసుకొని చెరిగి, ఎండలో ఆరబోసి, సాయంత్రం అరచేతిలో ఇంత ఆముదం వేసుకొని గింజగింజకూ పట్టించింది. ఆ వాసన నాకు గిట్టలేదు, ముక్కు మూసుకున్నాను. "రెణ్ణెల్లు తిన్నాక చెప్పు, ముక్కు కావాల్నో బేడలు కావాల్నో" అంది. ఆమె భర్త బతికి ఉండగా వాళ్లకు బజారులో కిరాణా అంగడి ఉండేది. ఆయన పోయాక అంగడి మూతపడింది. ఒక్కగానొక్క కొడుకు నాగభూషణం ప్యాపిలిలో ఎరువుల అంగడి పెట్టుకున్నాడు. రమ్మని పిలుస్తూనే ఉండేవాడు, ఈమె పోయేది కాదు.

మరుసటి రోజు మా వంటింటి గడప బయట వచ్చి నిలబడింది. "లోపలికి రావచ్చునా? నీ వంటిల్లు, నువ్వు రమ్మంటేనే వస్తా" అంది. ఇల్లు ఆమెదే, అద్దె మాది. ఈ మర్యాదేమిటా అని నవ్వొచ్చింది. రమ్మన్నాను. నా డబ్బాలన్నీ ఒక పాత దుప్పటి మీద దింపించింది. ఆవాలు మూడుచోట్ల దొరికాయి, ధనియాలు రెండుచోట్ల. బెల్లం ఉందన్న సంగతే మరిచిపోయి మూడు రోజుల కిందటే మళ్లీ కొన్నాను. ఆమె తిట్టలేదు. ఒక్కొక్కటీ చేతికి తీసుకొని, "ఇది నీ చేతికి యాడుంటే బాగుంటాది?" అని అడిగి, నేను చెప్పిన చోటే పెట్టింది. రోజూ వాడేవి పొయ్యి పక్కన, వారానికోసారి వాడేవి గూట్లో, పండక్కి వాడేవి అటక మీద. కొత్త సరుకు డబ్బా అడుగున పోసి పాతది పైన పోయడం అప్పుడే నేర్చుకున్నాను. అంతా అయ్యాక గడప మీద కూర్చొని అంది: "మీ దుడ్లు తిండికి పోతల్లేదు మే. ఎతుకులాటకు పోతాండాయి. యాడ పెట్టినావో తెలీక మళ్లా కొంటాండావ్."

ఆమె ఇంట్లో సంతకు ముందురోజుకు ఒక పేరుండేది, అడుగుల దినం. ఆరోజు అంగడికి పోయి ఏదీ కొనకూడదు. డబ్బాల అడుగున మిగిలిన గుప్పెడు శెనగబేడలు, పిడికెడు పెసలు, నాలుగు అలసందలు, ఏ ఆకుకూర వాడిపోయి ఉంటే అది, అన్నీ ఒక్క కుండలో వేసి ఉడికించేది. అడుగుల పప్పు. ఒక వారం రుచి ఇంకో వారం రాదు. ఖాళీ డబ్బాలు కడిగి వాకిట్లో ఎండలో బోర్లిస్తే మర్నాడు సంతకు పోయేటప్పుడు ఏం కొనాలో అవే చెప్పేవి. ఆ అలవాటు పట్టుబడ్డాక ఇరవయ్యో తారీఖు మాకు ఉత్త తారీఖు అయిపోయింది. మా ఆయన జొన్నరొట్టెతో ఆ పప్పు తింటూ, "మే సరళా, ఇదేం పప్పు?" అని ప్రతివారం అడిగేవాడు. ప్రతివారం వేరే పేరు చెప్పేదాన్ని.

పెద్దమ్మ పిసినారితనం మీద నేను చేసినన్ని ఎగతాళులు ఎవరూ చేసి ఉండరు. చీకటి పడ్డా వంటింట్లో లైటు వేసేది కాదు. నేను పోయి స్విచ్చు వేస్తే, "తీసెయ్ మే, కరెంటు దండగ. నా వంటింట్లో నాకు లైటెందుకు?" అనేది. సంతలో టమోటాలను కళ్లకు దగ్గరగా పెట్టుకునేది కాదు, వేళ్లతో నొక్కి, వాసన చూసి ఏరుకునేది. మందుల సీసా నా చేతికిచ్చి, "చదువుకున్నదానివి, దీనిమీద ఏం రాసినారో చెప్పు" అనేది. చెప్పేదాన్ని. ఆమె వంటింట్లో పది పన్నెండు డబ్బాలుండేవి, ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు. ఒకటి మూత సొట్టపోయిన బిస్కెట్ల డబ్బా, ఒకటి నలుచదరం నూనె డబ్బా, ఒకదాని మూతకు గుడ్డ చుట్టి ఉండేది. పొయ్యికి కుడిపక్క ఈ ఉప్పుజాడీ, నిండా కల్లుప్పు. ఆమె చెయ్యి వాటి మధ్య తడుముకోకుండా తిరుగుతుంటే చూడముచ్చటగా ఉండేది. నాకు కనిపించింది అంతే, ముచ్చట.

ఒకసారి మా సందులోని ఒక ముసలామెను కొడుకు వచ్చి కారులో ఎక్కించుకొని పోయాడు. అందరూ అదృష్టవంతురాలన్నారు. పెద్దమ్మ ఆ పూట అన్నం ముందు పెట్టుకొని చాలాసేపు కూర్చుంది. "నా కొడుకు మంచోడే. కోడలూ మంచిదే. పోతే బాగానే చూస్తారు. కానీ ఇంకొకరి పొయ్యి కాడ, తిందువు రా అని పిలిచేదాకా కూర్చోవాల చూడు, అది నాచేత కాదు మే. ఈ చేతులు ఆడేదాకా నన్నీడ ఉండనిస్తే చాలు" అంది. చేతులు అంది, కళ్లు అనలేదు. నేను గమనించలేదు.

నాలుగేళ్లయ్యాక మా ఆయనకు నంద్యాలలో రైసుమిల్లులో పని దొరికింది. వెళ్లిపోతున్నామంటే నాకు ఏడుపాగలేదు. ఆమెకు ఏదో ఒకటి ఇచ్చి పోవాలనిపించింది. అప్పటికి జాకెట్లు కుట్టి నాలుగు రాళ్లు వెనకేసుకున్నాను. అదే వారం ఉయ్యాలవాడలో చెల్లెలి మనవరాలి పెళ్లికి పోతూ, రోజూ దీపం పెట్టమని ఆమె తాళంచెవి నా చేతిలో పెట్టింది. నంద్యాల పోయి పన్నెండు ప్లాస్టిక్ డబ్బాల సెట్టు తెచ్చాను. అన్నీ ఒకే ఎత్తు, ఒకే మూత, అద్దంలాగా లోపలున్నది కనిపించేవి. సరుకులన్నీ వాటిలో పోసి, గుండ్రంగా పేర్లు రాసి అంటించి, వరసగా పేర్చాను. కల్లుప్పు పాతకాలందని తీసేసి మెత్తటి ఉప్పు ప్యాకెట్టు పోశాను. దాని పక్కన చక్కెర. తుప్పు పట్టిన డబ్బాలను పాత ఇనుప సామాన్లవాడికి వేస్తే ఒక ప్లాస్టిక్ బుట్ట ఇచ్చాడు. ఈ జాడీని మాత్రం వద్దన్నాడు. అది మా సామాను మూటల్లో పడింది.

పెళ్లి నుంచి వచ్చి ఆమె వంటింటి గడప దగ్గర నిలబడింది. నేను లైటు వేసి, "చూడు పెద్దమ్మా" అన్నాను. చూసిందనే అనుకున్నాను. నడిచి వచ్చి ఒక డబ్బా తడిమింది. దాని పక్కది తడిమింది. ఆ పక్కది కూడా.

"అన్నీ ఒకే మాదిరుండాయే" అంది.

"సెట్టు పెద్దమ్మా. పేర్లు గూడా రాసినా."

"నా డబ్బాలు యాడ?"

"తుప్పు పట్టింటే పాత సామాన్లకు ఏసినా."

నా తల మీద చెయ్యి పెట్టి, "బాగుండాయిలే మే" అంది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. పెళ్లిలో ఎక్కువ తిన్నానని చెప్పింది. నేను నమ్మాను. నాలుగు రోజులకు లారీలో సామాను వేసుకొని, మంచి పని చేశానన్న తృప్తితో నంద్యాల వచ్చేశాను.

శ్రావణమాసంలో నాగభూషణం ఫోను చేశాడు. "సరళమ్మా, ఒకటి అడుగుతా. అమ్మకు కండ్లు అగుపడవని నీకు తెల్సా?" నాకు అర్థం కాలేదు. అతనే చెప్పాడు. శుక్రవారం పూజకు భార్యతో ఆళ్లగడ్డ పోయాడట. అమ్మ పాయసం వండి దేవుడికి పెట్టిందట. నైవేద్యం రుచి చూడకూడదు కదా, డబ్బాలోంచి గరిటెతో తీసి వేసిందే గానీ వేలు కూడా పెట్టలేదు. ప్రసాదమని నోట్లో పెట్టుకుంటే ఉప్పు. మొదట నవ్వాడట. తరువాత అనుమానమొచ్చి ఆమె ముందు వేళ్లు చూపించి ఎన్ని అని అడిగితే, "దేవుడి కాడ ఈ ఆటలేందిరా" అని ముఖం తిప్పుకుందట. కర్నూలులో డాక్టరు షుగరు కంటికి పట్టి చాలా ఏళ్లయిందన్నాడు. "ఇన్నేండ్లు ఒక్కతే ఎట్ల వండుకుండిందో సరళమ్మా. ఇంగ ఆడ ఉండనిచ్చేది లేదు. ప్యాపిలికి తెచ్చుకున్నా" అన్నాడు. ఎట్ల వండుకుందో నాకు తెలుసు. అతనికి చెప్పలేకపోయాను.

చెప్పడానికి ధైర్యం చాలక రెండు నెలలు ఆగి ప్యాపిలి పోయాను, జాడీ సంచిలో పెట్టుకొని. ఆమె ముందుగదిలో కుర్చీలో కూర్చొని ఉంది. శుభ్రమైన చీర, దువ్విన తల. చూసుకోవడంలో ఏ లోటూ లేదు. నా గొంతు వినగానే చేతులు చాచింది. "సరళా. ఉండు, కాఫీ... కోడల్ని అడిగి ఇప్పిస్తా" అంది. ఆ 'అడిగి' అన్న మాటకు నాకు కన్నీళ్లు వచ్చేశాయి. జాడీ ఆమె ఒళ్లో పెట్టాను. వేళ్లు అంచు చుట్టూ తిరిగి పగులు దగ్గర ఆగాయి.

"ఇది మా ఆయన చేతిలో పగిలింది. అంగడి తెరిచిన మొదటి నెల" అంది.

"తప్పు చేసినా పెద్దమ్మా."

"నాకు కండ్లు లేవని నేను చెప్పింటే నువ్వు ఆ పని చేసిండేదానివి కాదు. నువ్వు అడిగింటే నేను వద్దనిండేదాన్ని. ఇద్దరమూ నోరు ఇప్పలేదు" అంది. జాడీలోకి వంగి వాసన చూసి, మళ్లీ నా చేతుల్లో పెట్టింది. "నాకీడ పొయ్యి లేదు కదా మే, దీన్ని పెట్టుకొని ఏం చేసేది. తీసుకొనిపో. పొయ్యికి కుడిపక్క పెట్టుకో. కల్లుప్పే పోసుకో."

మరుసటి ఎండాకాలం దాటలేదు ఆమె. పెద్ద జబ్బేమీ లేదని నాగభూషణం అన్నాడు, అన్నం తినడమే తగ్గించేసిందట.

నా వంటింట్లో ఇప్పుడు ఏ డబ్బాకూ ఇంకో డబ్బాతో పోలిక లేదు. కందిబేడలు ఆముదం వాసన కొడతాయి. సంతకు ముందురోజు అడుగుల పప్పు వండుతాను. ఇవన్నీ ఆమె నేర్పింది, నేను నేర్చుకున్నాను. 'నీ వంటిల్లు, నువ్వు రమ్మంటేనే' అంటూ ఆమె మా గడప బయట నిలబడి నేర్పినదాన్ని మాత్రం ఆమెను పోగొట్టుకొని గానీ నేర్చుకోలేదు. పోయిన నెల మా ఆడపడుచు ఇంట్లో భోజనాలయ్యాక గిన్నెలు కడిగి, "ఇది యాడ పెట్టేది?" అని అడిగాను. "యాడో ఒకచోట పెట్టు వదినా, దానికీ అడగాల్నా?" అని నవ్వింది. తను వచ్చి చోటు చూపించేదాకా ఆ గిన్నె చేతిలో పట్టుకొని అలాగే నిలబడ్డాను.