నుస్రత్ ఒడిలో పెట్టిన బిడ్డ

ఉదయగిరిలో చెక్క చెంచాలకు ఆకురాయి పట్టి నునుపు చేసే ఖాదర్‌బీకి పోలీసులంటే చచ్చేంత భయం. ఆ భయంతోనే కొడుకును తనే స్టేషనుకు తరిమింది.

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఇడ్లీలమ్మే శీనమ్మను ఎవరో ఇంట్లో దూరి కొట్టి చంపారు. పగిలిన కిటికీ అద్దానికి హంతకుడి రక్తం అంటుకుంది. పోలీసులు అక్కడి ఆటోవాళ్లందరినీ నెత్తురివ్వమన్నారు. ఖాదర్‌బీ కొడుకు హిదాయతుల్లా ఆటో తోలేది అక్కడే. వాడు గునుస్తుంటే, "పోయి ఇచ్చిరారా. ఏమీ చేయనోడికి భయమేంది? ఇయ్యకుంటేనే అనుమానపడతారు" అంది.

నెల తిరక్కుండా ఎస్సై కోటేశ్వర్ తల్లీకొడుకులిద్దరినీ పిలిపించాడు.

"నువ్వు కాదులే" అన్నాడు ముందుగానే. హిదాయతుల్లా ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే నీ నెత్తురికీ అద్దం మీద నెత్తురికీ దగ్గర చుట్టరికం ఉండాది. ఒక కడుపున పుట్టిన అన్నదమ్ములై ఉంటారని ల్యాబోళ్లు రాసినారు. నీకు అన్నో తమ్ముడో ఉండాడా?"

"నేనొక్కణ్ణే సార్. రేషన్ కార్డు చూసుకోండి."

రేషన్ కార్డులో లేనివాడు ఒకడున్నాడని ఖాదర్‌బీకి తెలుసు. ఇరవై మూడేళ్ల కిందట, రెండో కాన్పు అయి నలభైరోజుల చిల్లా స్నానం చేసిన నాడే, ఆ బిడ్డను పిల్లల్లేని చెల్లెలు నుస్రత్ ఒడిలో పెట్టింది. ఎన్నటికీ నోరు విప్పనని ఖురాన్ మీద ఒట్టేసింది. కాగితాల్లో కూడా వాడు నుస్రత్ కొడుకే. వాడికీ తెలియదు, అప్పుడు రెండేళ్లవాడైన హిదాయతుల్లాకూ తెలియదు. కాగితం మారిస్తే సరిపోయిందనుకున్నారు పిచ్చి అక్కచెల్లెళ్లు. నెత్తురు మారదని వాళ్లకెవరు చెప్పారు!

శీనమ్మ పోయిన వారానికే ఆ రెండోవాడు చేతికి కట్టుతో ఆత్మకూరు నుంచి వచ్చాడు. "బండి మీద నుంచి పడినాను ఖాలా" అన్నాడు, ఆమెను పెద్దమ్మే అనుకుని. ఆమె అన్నం కలిపి ముద్దలు పెట్టింది.

"చెప్పమ్మా, నీకెంతమంది మగపిల్లలు? ఒక్కడే అంటే రేపటి నుంచి మీ చుట్టాల్లో మగోళ్లందరి నెత్తురూ తీపిస్తా."

ఒక్కడే అనడానికే నోరు తెరిచింది. చెల్లెలి ముఖం గుర్తొచ్చింది. ఒట్టు తప్పితే అల్లాకేం చెప్పుకోవాలో తెలియలేదు. కానీ చెంచాలమ్ముకోను ఆత్మకూరు పోయినప్పుడల్లా, ఎండనపడి వచ్చినావే అంటూ రెండిడ్లీలు ఊరికే పెట్టిన శీనమ్మ కళ్ల ముందే నిలబడింది.

"ఇద్దరు సార్."

హిదాయతుల్లా బిత్తరపోయాడు. "అమ్మీ, ఏంది నువ్వనేది?"

ఆమె వాడి వైపు చూడలేదు. కానిస్టేబులు పెన్ను తీసి రెండోవాడి పేరు అడిగాడు.

"అబ్దుల్ సలాం."

వాణ్ణి తన కొడుకని ఆమె ఒకరితో చెప్పుకోవడం అదే మొదటిసారి. ఆ పేరు కూడా తను పెట్టింది కాదు, నుస్రత్ ముచ్చటపడి పెట్టుకున్నది.